కుంచెడు గింజల బరువు

మిర్యాలగూడ రైస్‌మిల్లుల ముందు కోతల కాలంలో వడ్ల లారీలు రాత్రంతా వరుసగట్టి ఉంటాయి. అన్నీ సాగర్ ఎడమ కాల్వ కింద పండిన గింజలే. ఆ వరుస పక్కన నడిచేటప్పుడు నేను వినే పాట ఒకటుంది: సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’. పసులు కాసే జీతగాడి పాట. వాడి నెల జీతం కుంచెడు గింజలు. అందులోనూ తాలు కలిసి ఉంటుంది, ఇంటికి తెచ్చి కొలిస్తే శేరు తక్కువ.

ఎన్నిసార్లు విన్నా నన్ను పట్టి ఆపేది ఆ పాట అడిగే తీరు. అందులో దొరను తిట్టడం లేదు, పిలుపు లేదు. అన్నీ ప్రశ్నలే. పాలు తాగి ఎన్నాళ్లయింది, ఆవుదూడ కంచె దూకితే నిన్ను కొట్టారా, కన్నీరు రాలిందా అని ఒక పెద్దమనిషి పిల్లవాడి పక్కన గొంతుక్కూర్చుని అడుగుతున్నట్టుంటుంది. పిల్లవాడు ఒక్కదానికీ బదులు చెప్పడు. ఒక ప్రశ్నకూ ఇంకో ప్రశ్నకూ మధ్య ఉన్న ఆ మౌనంలోనే కరుణరసమంతా నిండి ఉంది. తాటిజెగ్గల చెప్పులు చూడండి. తోలు చెప్పులకు నోచుకోని పిల్లవాడు తాటిమట్ట మొదలును కాళ్లకు కట్టుకుని తప్పటడుగులు వేస్తాడు. కవి ఉపమానం వెతుక్కోలేదు, వంగి ఆ కాళ్లను చూశాడంతే.

హనుమంతు ఆంధ్ర మహాసభ కార్యకర్త. బుర్రకథ, గొల్లసుద్దులు కట్టి ఊరూరా తిరిగినవాడు. తెలంగాణ సాయుధపోరాటం 1951లో ఆగింది గానీ పాటలు జనం నోళ్లలో నిలిచాయి. 1979లో బి. నర్సింగరావు నిర్మించి, గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ సినిమా వాటిని మళ్లీ లోకం ముందు పెట్టింది. అందులో బండి యాదగిరి పాటను గద్దర్ పాడాడు. సూర్యాపేట తాలూకాలో లక్షన్నర ఎకరాల దొర జన్నారెడ్డి ప్రతాపరెడ్డి మీద కట్టిన పాట అది అని మా వైపు పెద్దలు చెప్తారు. అది నెత్తురు ఉడికించే పాట. దాని గురించి అందరూ రాశారు. నా మనసు మాత్రం ఆ సినిమాలోని హనుమంతు పాట దగ్గరే ఆగుతుంది.

దాన్ని సంధ్య పాడింది. వింజమూరి సీత సంగీతం. హనుమంతు అప్పటికి బతికే ఉన్నాడు. పాత పాటను మళ్లీ బయటికి తెచ్చేవాళ్లకు దాన్ని కడిగి, ముస్తాబు చేయాలనిపిస్తుంది. వీళ్లు ఆ పని చేయలేదు. పాట నిదానం నిదానంగానే ఉంది. పసుల వెంట పోయే నడక అది, తొందరపెడితే చచ్చిపోతుంది. సంధ్య గొంతు ఎక్కడా ఏడవదు. అడుగుతుంది, ఆగుతుంది, మళ్లీ అడుగుతుంది. ఏడుపు మన వంతుకు వదిలేస్తుంది.

ఇలాంటి నిదానాన్నే ఇంకో సంగీతంలో వెతుక్కునేవాడు కోదాడలో మా మేనల్లుడు. డూమ్ మెటల్ అనే బరువైన, నెమ్మది రాక్ సంగీతం వింటాడు. జర్మనీ బృందం అహాబ్ అంటే వాడికి ప్రాణం. ‘మోబీ డిక్’ నవల మీద 2006లో వాళ్లు చేసిన మొదటి ఆల్బమ్‌ను నాకూ వినిపించాడు. చాలా పాటలు పది నిమిషాలు దాటి సాగుతాయి. గిటారు ఒక్క స్వరం మోగి, అది పూర్తిగా మునిగిపోయేదాకా రెండోది రాదు. ఇలాంటి బృందాల పాత ఆల్బమ్‌లను మళ్లీ నల్ల రికార్డులుగా వేస్తే ఎందుకు ఎగబడి కొంటారో ఆ రోజు నాకర్థమైంది. బరువును బరువుగా వినాలని వాళ్ల ఆశ.

బదులుగా నేను వాడికి హనుమంతు పాట పెట్టాను. హెడ్‌ఫోన్ రెండు చేతులతో అదుముకుని కళ్లు మూసుకున్నాడు. శేరు తక్కువైన చోటు రాగానే కళ్లు తెరిచి, “మామా, మళ్లీ అక్కడి నుంచి పెట్టవా?” అన్నాడు.