కమాను మిగిలింది, భవనమేదీ?

చికాగో వచ్చిన చుట్టాలను మనవాళ్ళు తప్పక తీసుకువెళ్ళే చోట్లలో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఒకటి. 1893 సెప్టెంబరు 11న వివేకానందుడు ప్రసంగించిన భవనం అది. ఎదుటి వీధి భాగానికి 1995లో ఆయన పేరు పెట్టారు. ఆ పేరున్న పలక కింద ఒక ఫొటో, మెట్ల దగ్గరి సింహాల పక్కన మరొకటి తీసుకుని బయల్దేరతాం. భవనం వెనకవైపు, మన్రో వీధి కొలంబస్ డ్రైవ్‌ను కలిసే మూలన, ఒక పెద్ద కమాను ఒంటరిగా నిలబడి ఉంటుంది. దాని వెనక గదీ లేదు, గోడా లేదు. చాలా ఏళ్ళు నేను దాన్నొక శిల్పం అనుకున్నాను.

అది శిల్పం కాదు, సింహద్వారం. డాంక్‌మార్ ఆడ్లర్, లూయీ సలివన్ కలిసి లసాల్ వీధిలో కట్టిన 13 అంతస్తుల స్టాక్ ఎక్స్‌ఛేంజి భవనానిది. 1894లో పూర్తయిన ఆ భవనాన్ని 1972లో కూల్చేశారు. కాపాడాలని ఉద్యమం నడిచినా, నగర పాలకమండలి దానికి చారిత్రక భవనంగా రక్షణ ఇవ్వలేదు. ఆ స్థలంలో 40కి పైగా అంతస్తుల ఆఫీసు భవనం లేచింది.

ఏ కట్టడమైనా దాని ఉపయోగాన్ని బట్టే రూపం పొందాలని 1896లో రాసినవాడు సలివన్. ఆ మాటతోనే ఈ కమానును కొలిస్తే? మనుషులను లోపలికి పిలవడమే ద్వారం పని. ఇక్కడ లోపలన్నదే లేదు. కాల్చిన మట్టిలో తీర్చిన లతలు, అల్లికలు ఇప్పటికీ ముచ్చటగానే ఉన్నాయి. కానీ వాక్యంలోంచి ఊడదీసిన విశేషణంలా ఉందది. దేన్ని వర్ణిస్తోందో తెలియదు.

అదే భవనంలోని ట్రేడింగ్ హాలు సంగతి వేరు. విడదీసి దాచిన ముక్కలతో 1977 నాటికి దాన్ని మ్యూజియం లోపల తిరిగి నిర్మించారు. రంగురంగుల అద్దాల కింద, అచ్చులతో గీసిన గోడల మధ్య నిలబడితే సలివన్ ఏం చేశాడో ఒంటికి తెలుస్తుంది. గది గదిగా మిగిలింది కనుక, నా లెక్కలో అది నెగ్గింది, కమాను ఓడింది.

ఆ ముక్కలు ఊరికే దక్కలేదు. సలివన్ భవనాలను ఫొటోలు తీస్తూ, కూలిపోతున్న వాటినుంచి అలంకారాలను ఏరి దాస్తూ వచ్చిన రిచర్డ్ నికెల్ 1972 ఏప్రిల్ 13న ఆ శిథిలాల్లోనే నేల కూలి చనిపోయాడు. దాదాపు నాలుగు వారాల తర్వాత గానీ శవం దొరకలేదు. కమాను గురించి పరుషంగా రాస్తున్నప్పుడు ఈ సంగతి నాకు గుర్తుంది. ఆయన కోరుకున్నది మాత్రం ముక్కలు కాదు, భవనం.

ఉపయోగం పోయింది గనుక భవనం పోయిందనుకోవడానికీ లేదు. స్టాక్ ఎక్స్‌ఛేంజి 1908లోనే ఖాళీ చేసి వెళ్ళిపోయింది. మరో 64 ఏళ్ళు భవనం వేరేవాళ్ళకు పనికివస్తూనే ఉంది. దాన్ని పడగొట్టింది వయసు కాదు, కింది నేల ధర.

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు కొద్ది దూరంలో, దక్షిణాన, ఈ ఇద్దరే కట్టిన 1889 నాటి ఆడిటోరియం భవనం ఇంకా ఉంది. 1946లో రూజ్వెల్ట్ విశ్వవిద్యాలయం దాన్ని కొని తరగతులు పెట్టింది. మూతపడ్డ నాటకశాల 1967లో మళ్ళీ తెరుచుకుంది. కొత్త అవసరం వెతికినవాళ్ళు దొరికారు కనుక ఆ భవనం మొత్తంగా బతికింది.

ఆ కమాను మీద ఒక వైపు చిన్న బొమ్మ ఉంది. స్టాక్ ఎక్స్‌ఛేంజి కట్టకముందు ఆ స్థలంలో ఉండిన ఇల్లది. ఆ ఇంటిని సలివన్ తన గుమ్మం మీదే గుర్తుపెట్టాడు. ఈసారి చుట్టాలతో వెళ్ళినప్పుడు సింహాల దగ్గర ఆగిపోకుండా, వెనక్కి నడిచి పిల్లలకు ఆ బొమ్మ చూపించండి. తర్వాత ఆడిటోరియం దాకా నడవండి. రెండూ చూస్తే, దాచుకోవడానికీ నిలుపుకోవడానికీ తేడా విడిగా చెప్పనక్కర్లేదు.