అర్ధరాత్రి బదులిచ్చేవాళ్లు

రాత్రి రెండింటికి ఎవరో ప్రయాణికుడు ఎక్స్‌లో పెడతాడు: బోగీలో చుక్క నీళ్లు రావట్లేదని. రైలు పేరుండదు, బెర్తు నంబరుండదు, కోపం మాత్రం నిండుగా ఉంటుంది. ఇలాంటి పోస్టులకు జవాబిచ్చే రైల్వే సేవ ఖాతా ఉద్యోగుల పనితనమంటే నాకెంతో గౌరవం.

ముందు పీఎన్‌ఆర్, మొబైల్ నంబరు అడుగుతారు. అవీ అందరి ముందూ కాదు, విడిగా మెసేజ్‌లో పంపమంటారు. పది అంకెల పీఎన్‌ఆర్ అందితే రైలు, బోగీ, బెర్తు తెలిసిపోతాయి. అసలు నేర్పు ఆ తర్వాతే. బండి ఆ నిమిషాన ఏ డివిజన్‌లో ఉందో చూసుకోవాలి. కాజీపేట దగ్గరుంటే సికింద్రాబాద్‌కి, ఒంగోలు దగ్గరుంటే విజయవాడకి కబురు పెట్టాలి. కాస్త ఆలస్యమైనా బండి హద్దు దాటేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది.

2014 నవంబరులో సురేశ్ ప్రభు రైల్వే మంత్రి అయ్యాక ఈ పద్ధతికి ఊపొచ్చింది. రైల్లో పసిబిడ్డకు పాలు కావాలని ట్వీట్ చేస్తే స్టేషన్లో అందించిన సందర్భాలు అప్పట్లో వార్తల్లోకెక్కాయి. ఎంత ఖర్చుపెట్టి ప్రకటనలిచ్చినా ఏ కంపెనీకీ అంత మంచిపేరు రాదు. ఆ పేరులో పెద్ద వాటా పాలగ్లాసుతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ సిబ్బందిది, తిట్లు చదివి కూడా మర్యాదగా వివరాలడిగిన ఉద్యోగిది.