టీఎస్‌హెచ్ అంకెను చదివే పద్ధతి

కామారెడ్డిలో గానీ ఎల్లారెడ్డిలో గానీ థైరాయిడ్ రక్తపరీక్ష నివేదిక చేతికి రాగానే చూపు ముందుగా టీఎస్‌హెచ్ అంకె మీద పడుతుంది; అది ఎక్కువగా ఉంటే థైరాయిడ్ పెరిగిందని చెప్పుకోవడం వాడుకే అయినా, జరిగేది సాధారణంగా అందుకు తలకిందులు. టీఎస్‌హెచ్ మెడలోని థైరాయిడ్ గ్రంథిలో తయారయ్యేది కాదు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి, థైరాయిడ్ చేత పని చేయించడానికి విడుదల చేసే హార్మోన్ అది.

ఎంత విడుదల చేయాలో పీయూష గ్రంథి థైరాయిడ్ హార్మోన్‌ను బట్టే నిర్ణయించుకుంటుంది. థైరాయిడ్ నుంచి వచ్చిన టీ4 (థైరాక్సిన్) హార్మోన్‌లోని ఒక అయోడిన్ పరమాణువును పీయూష కణాల్లోని డీఅయోడినేజ్ అనే ఎంజైమ్ తొలగించి, దాన్ని చురుకైన టీ3గా మారుస్తుంది. ఆ టీ3 కణకేంద్రకంలోని గ్రాహక ప్రోటీన్‌తో కలిసినప్పుడు, టీఎస్‌హెచ్‌లోని బీటా భాగాన్ని తయారుచేసే జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ ప్రతులు వెలువడడం గంటల్లోనే తగ్గిపోతుంది. విచిత్రమేమిటంటే, ఎలుక పీయూష కణితి నుంచి పెంచిన కణాల్లో అదే టీ3 పెరుగుదల హార్మోన్ జన్యువును ఉత్తేజపరుస్తుంది. ఈ గ్రాహకాల జన్యువులు 1986లో బయటపడ్డాక ఉత్తేజపరిచే తీరు చాలావరకు తేటపడింది: టీ3 రాగానే జన్యువును అణచివుంచే సహాయక ప్రోటీన్లు తప్పుకొని, డీఎన్‌ఏ చుట్టను వదులు చేసేవి వచ్చి చేరతాయి. అణచివేసే తీరు మాత్రం ఇంకా చర్చల్లోనే ఉంది.

జన్యువు ఇంత త్వరగా స్పందించినా, మాత్రల రూపంలో తీసుకున్న టీ4 రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది కనుక, మోతాదు మార్చాక దాని స్థాయి కుదురుకుని పీయూష గ్రంథి దానికి సర్దుకోవడానికి 6 నుంచి 8 వారాలు కావాలి. రెండు వారాలకే మళ్లీ పరీక్ష చేయించి మోతాదు మార్చడం, సగంలో ఉన్న మార్పునే ఫలితంగా లెక్కించడం అవుతుంది. ఈ ఓపికే వైద్యుడి నైపుణ్యంలో ఎక్కువ భాగమని చెప్పవచ్చు.

పీయూష గ్రంథే దెబ్బతిన్నచోట ఈ అంకె నమ్మదగినది కాదు. కాన్పు సమయంలో విపరీతమైన రక్తస్రావం వల్ల ఆ గ్రంథి కణాలు చనిపోయే స్థితిని 1937లో హెరాల్డ్ షీహాన్ వివరించాడు; పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఏళ్ల తరబడి నీరసంతో బాధపడే అటువంటి స్త్రీకి టీ4 తగ్గిపోయినా టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించవచ్చు. అందుకే ఆమెకు ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్లకు అంటుకోకుండా ఉన్న టీ4) కూడా చూడాలి. థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టే ముందు, పీయూష గ్రంథి అదుపులోనే ఉండే కార్టిసాల్ అనే హార్మోన్ స్థాయి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే కార్టిసాల్ కొరతను సరిచేయకుండా థైరాక్సిన్ ఇస్తే ప్రాణాపాయం కలగవచ్చు.