మెత్తని చేతి పని

కరీంనగర్ వైపు కాళ్ల వాపు అంటే మొదట గుర్తొచ్చేది బోదకాలు. దోమ మోసుకొచ్చే పురుగు లింఫ్ నాళాలను పాడుచేస్తే నీరు కాలిలోనే నిలిచిపోతుంది. కొవ్వు తీసే సర్జరీలోనూ ఆ నాళాలు దెబ్బతిని కొన్ని వారాలు వాపు ఉంటుంది. దాన్ని దించే మర్దనను 1930లలో డెన్మార్క్‌కు చెందిన వోడర్ దంపతులు రూపొందించారు.

ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టులంటే నాకెంతో గౌరవం. బాలింతకు నూనె రాసి గట్టిగా పిసికే మన పద్ధతికి ఇది పూర్తిగా వేరు. నాళాలు చర్మం కిందే ఉంటాయి, బలం అక్కర్లేదు. ముందు మెడ, చంక, గజ్జల దగ్గర నీరు పోయేందుకు దారి చేసి, ఆ తర్వాతే వాచిన చోటికి వస్తారు. చర్మాన్ని మెల్లగా సాగదీసి వదులుతారు, మళ్లీ సాగదీస్తారు. ఎంత ఓపిక!

జ్వరం, చీము, రక్తం గడ్డ ఉంటే మాత్రం వద్దు. సర్జన్‌ను అడిగాకే చేయించుకోండి.