షాంమాత్యూను ఎవరు తలుచుకుంటారు?

ఉస్మానియా హాస్టళ్లలో, తార్నాక అద్దె గదుల్లో విక్టర్ హ్యూగో నవల 'లే మిజరబుల్స్' చదివినవాళ్లం మాలో కొందరం ఉన్నాం. చదవనివాళ్లకు పక్కనున్న ఇఫ్లూలో ఫ్రెంచి నేర్చుకునే మిత్రులు కథ చెప్పారు. ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర చుట్టమైంది. ఉద్యమంలో తిరిగినవాళ్లు విద్యార్థి నాయకుడు అంజోల్రాస్‌ను మనవాడే అన్నారు. (అతను చనిపోయింది 1832 జూన్ తిరుగుబాటులో. 1789 విప్లవం అనుకునేవాళ్లు క్యాంపస్‌లో ఇంకా ఉన్నారు.) వీధి పిల్లవాడు గవ్రోష్ అందరికీ తమ్ముడు. జా వల్జా సంగతి చెప్పేదేముంది? అక్క పిల్లలు ఏడుగురి ఆకలి చూడలేక రొట్టె దొంగిలించాడు. దానికి ఐదేళ్లు, పారిపోబోయినందుకు మరో పద్నాలుగేళ్లు జైలు.

ఈ ప్రేమను మేము తప్పుపట్టం. కానీ ఇది ఎక్కువగా కన్నీళ్లు తేలిగ్గా వచ్చే చోటికే పోతోంది.

పేరు దగ్గరే చూడండి. ఆ ఫ్రెంచి మాటలో అభాగ్యుడూ ఉన్నాడు, నీచుడూ ఉన్నాడు. ఆ ఇద్దరూ ఒకే మాటలో కలిసిపోయే చోటు ఒకటుందని హ్యూగోయే నవలలో అంటాడు. 1950లో నాగయ్య నటించిన సినిమాకూ, 1972లో అక్కినేని సినిమాకూ తెలుగులో పెట్టిన పేరు 'బీదలపాట్లు'. మంచి పేరే. అందులో పేదరికం వచ్చింది, ముద్ర రాలేదు.

మనకు ముఖ్యం ఆ ముద్రే. జైలు నుంచి వచ్చిన జా వల్జా చేతిలో పసుపుపచ్చ కాగితం ఉంటుంది. అది చూసి పూటకూళ్లవాళ్లు అన్నం పెట్టరు, పడుకోను చోటివ్వరు. ఎరుకల పెద్దలకు ఈ కాగితం గురించి వేరే చెప్పనక్కర్లేదు. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1952 దాకా నడిచింది. జా వల్జా కనీసం రొట్టె దొంగిలించాక దొంగ అయ్యాడు. మనవాళ్లు పుట్టగానే అయ్యారు. అతను పేరు మార్చుకుని మదలేన్ అయ్యాడు, ఒక ఊరికి మేయరూ అయ్యాడు. తెగ పేరు మార్చుకునేదెలా?

అతన్ని వేటాడే ఇన్‌స్పెక్టర్ జావేర్ జైల్లో పుట్టాడు. తల్లి సోది చెప్పుకునే మనిషి, తండ్రి ఖైదీ. తాను పుట్టిన ఆ జాతి మీద అసహ్యంతోనే పోలీసయ్యాడు. ఎరుక చెప్పే తల్లులున్న మనం ఈ నాలుగు మాటలు దాటేసి అతన్ని ఉత్త విలన్‌గా చూడటం మాకు నచ్చదు.

ఇక షాంమాత్యూ. ఇతన్ని ఇష్టపడేవాళ్లు మాకు ఇంతవరకు తగల్లేదు. ముసలివాడు, బండిచక్రాల పనివాడు. ఆపిల్ కాయలున్న కొమ్మతో దొరికాడు. కింద పడి ఉంటే ఏరుకున్నానంటాడు. వీడే పాత ఖైదీ జా వల్జా అని సాక్షులు ఒకరి తర్వాత ఒకరు ఒట్టేసి చెబుతారు. పుట్టిన ఊరేదని అడిగితే, పుట్టడానికి ఇల్లు అందరికీ ఉండదన్నట్టు జవాబిస్తాడు. అతని మాట కోర్టుకు మోటుగా వినిపిస్తుంది, జనం నవ్వుతారు. అమాయకత్వమంతా నటన, పాత నేరగాడి జిత్తు అని ప్రాసిక్యూటర్ వాదిస్తాడు. అంటే మాట్లాడినా దొంగే, మాట్లాడలేకపోయినా దొంగే. గోండీయో కోయభాషో మాత్రమే తెలిసిన మనిషిని తెలుగు కోర్టు బోనులో నిలబెట్టి చూడండి.

అసలు జా వల్జా తనంతట తాను వచ్చి చెప్పబట్టి ముసలాయన బయటపడ్డాడు. పాఠకులు అక్కడ జా వల్జా త్యాగానికి ఏడుస్తారు. మేమూ ఏడ్చాం. మా ప్రశ్న వేరు: అంత గొప్పవాడు ఆ రోజు రాకపోతే? సాక్ష్యం పక్కాగా ఉంది, శిక్ష ఖాయం. మన కేసుల్లో మదలేన్లు రారు.

విడుదలైన షాంమాత్యూ లోకంలో అందరికీ పిచ్చెక్కిందనుకుంటూ వెళ్లిపోతాడు. హ్యూగో అతని వెంట పోలేదు. ఆశ్రమ పాఠశాలల్లో ఈ కథ చెప్పే టీచర్లు బిషప్పు వెండి దీపస్తంభాల దగ్గర ఆపేయకుండా కోర్టు దాకా తీసుకెళ్లాలి. ఆ ముసలాయన ఎక్కడికి పోయి ఉంటాడో పిల్లల్నే రాయమనాలి.