పొలం వద్దన్న మన్ను

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో రైతు మొహం చిట్లించుకునే నేల చౌడు. ఎండాకాలం తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, కాలు పెడితే పొడిపొడిగా దిగబడుతుంది. విత్తనం వేస్తే దండగ. అయినా ఇంటికి కప్పు వేసేటప్పుడు దానికోసమే బండి కట్టేవాళ్లు. మట్టిమిద్దెను వాన నుంచి కాచింది ఆ పనికిరాని మన్నే.

రాతిగోడల మీద దూలాలు, వాటికడ్డంగా దంతెలు, వాటిపైన దగ్గరదగ్గరగా కట్టెలు. సందులు మూసుకునేలా వేపాకో కసువో పరిచి, తడిమట్టి వేసి తొక్కుతారు. అది ఆరాక పైన చౌడు. నీళ్లు జారడానికి ఒకపక్కకు కాస్త వాలు. చౌడులో సోడియం ఎక్కువ. తడవగానే బంకరేణువులు విడిపోయి సన్నటి సందులన్నీ పూడ్చేస్తాయి, నీరు దిగదు. చేలో వేరుకు ఊపిరాడనివ్వని గుణమే మిద్దెమీద గొడుగైంది.

అలాగని ఒకసారి వేసి మరిచిపోయేది కాదు. ఏటా వానలకు ముందు పైన మొలిచిన గడ్డి పీకి కొత్త చౌడు చల్లాలి. గడ్డివేరు, ఎలుకబొక్క ఉన్నచోటే మిద్దె ఉరుస్తుంది. నడివానలో గోనెసంచి నెత్తిన కప్పుకుని పైకెక్కి, గంపలో దాచిన పొడిచౌడు ఆ చోట పోసి మడమతో మెదిపితే కింద ధార ఆగేది. వెలుతురుకు, పొయ్యి పొగకు కప్పులో గవాక్షి ఉండేది, వానొస్తే దానిమీద బండ కప్పేవాళ్లు.  

తిండిలోనూ ఇదే నేర్పు. నల్లరేగడి పట్టుకున్న తేమతోనే హింగారి (రబీ) జొన్న పండేది. జొన్నపిండికి గోధుమలా సాగే జిగి లేదు. అందుకే మరిగే ఎసరు పోసి కలుపుతారు. వేడికి పిండి ఉడికి అంటుకుంటుంది. అరచేత్తో తట్టి పెనంమీద వేసి, పైన తడిగుడ్డతో అద్ది తిప్పితే రొట్టె పొంగుతుంది. పక్కన పుండికూర (గోంగూర), లేదంటే గురుగాకు పప్పు. ఆ గురుగు చేలో కలుపే. కలుపు తీసే ఆడవాళ్లు కొంగులో వేసుకొస్తే రాత్రికి కూర. (ఉగ్గాని బజ్జీకి పేరు ఎక్కువ గానీ, నా ఓటు గురుగాకుకే.)

జొన్నలు పాతరలో దాచేవాళ్లు. గట్టినేలలో గుంత తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, గింజలు నింపి, మన్ను కప్పేసేవాళ్లు. గింజలు పీల్చి లోపలి ప్రాణవాయువు తగ్గిపోతే పురుగు బతకదు. తెరిచిన వెంటనే మనిషి దిగితే ప్రాణానికే ముప్పు. లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి, దీపం దించి, అది ఆరకపోతేనే దిగేవాళ్లు. 1876-78 కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసింది. ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలోదే, 1953లోగానీ ఆంధ్రలో కలవలేదు. అలాంటి సీమలో ఏడాదికి మించిన గింజ దాచుకోవడం పిసినారితనం కాదు.

మట్టిమిద్దెలే మళ్లీ కట్టమని నేననను. ముసురు నాలుగురోజులు పడితే ఆ బరువుకు గోడలే కూలేవి, ఏటేటా ఎక్కి చౌడు చల్లే ఓపిక ఇప్పుడెవరికి? నా బెంగంతా ఆకుకూర మీదే. పత్తి చేలల్లో కలుపుమందు కొడుతున్నారు. ఆ చేలో ఆకు కోసి పిల్లలకు పెట్టలేం. గురుగాకు పప్పు తినాలంటే మందు పడని గట్టేదో ముందు అడిగి తెలుసుకోవాలి.