షా కమిషన్ నివేదికలో లేని సగం

అత్యయిక పరిస్థితి చరిత్ర రాయదలచిన వారు మొదట తెరిచేది షా కమిషన్ నివేదికనే. 1978లో మూడు భాగాలుగా వెలువడిన ఆ నివేదిక విలువ కాదనలేనిది. మీసా కింద 34,988 మందిని, భారత రక్షణ నిబంధనల కింద 75,818 మందిని నిర్బంధించారన్న లెక్క అందులోనిదే. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ వద్ద జరిగిన కూల్చివేతలు, కాల్పులు, బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, పత్రికల గొంతు నొక్కడం, ఇవన్నీ వాంగ్మూలాలతో సహా అందులో నమోదయ్యాయి. ఎవరు ఆజ్ఞాపించారో, ఎవరు అమలు జరిపారో తెలుస్తుంది. ఆ పాలనను ఎవరు మెచ్చుకున్నారో, ఎందుకు మెచ్చుకున్నారో మాత్రం తెలియదు. విచారణ సంఘానికి అప్పగించిన పని అది కాదు, నిజమే. కాని ఆ నివేదికనే సమగ్ర చరిత్రగా చదివే వారికి సగం కథే దక్కుతుంది.

మిగతా సగానికి గోదావరి డెల్టా సాక్ష్యం. 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో గాని, బీహారులోని 54 స్థానాల్లో గాని కాంగ్రెసుకు ఒక్కటీ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42కు 41 వచ్చాయి. చేజారినది నంద్యాల ఒక్కటే. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, నరసాపురం, ఏలూరు అన్నీ ఆ 41లోనివే. 1929లో ముస్సోలినీ ఒకే జాబితా చూపి అవుననో కాదనో చెప్పమన్నప్పుడు నూటికి 98 మంది అవునన్నారు. అక్కడ ప్రజల ముందు మరో పక్షమే లేదు. ఇక్కడ రహస్య బ్యాలెట్ ఉంది, ఎదుట జనతా పార్టీ ఉంది. కనుక ఈ తీర్పును భయం ఒక్కదానితో వివరించలేము.

ఇక్కడి వారికి ఎమర్జెన్సీ బాధ తగలలేదన్నది తరచుగా వినిపించే సమాధానం. అది నిలవదు. ఈ రాష్ట్రంలో మీసా ఖైదీలే 1,135 మంది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను పోలీసులు కాల్చి చంపారు. అవి ఎదురుకాల్పులు కావని 1977లో తార్కుండే సంఘం తేల్చింది. అదే నెలలో జమాఅతె ఇస్లామీ హింద్‌ను, ఆర్.ఎస్.ఎస్.ను నిషేధించారు. డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. బాధ లేకపోలేదు, అది ఇతరులకు తగిలింది.

అసలు కారణాలు వేరు. 1972–73లో జై ఆంధ్ర ఉద్యమపు బందులు, కాల్పులు, రాష్ట్రపతి పాలన చూసిన కోస్తా జిల్లాలకు క్రమశిక్షణ అన్న మాట తీయగా వినిపించింది. ఇరవై సూత్రాల కార్యక్రమం పేదవానికి ఇంటిస్థలం, అప్పుల నుండి విముక్తి చూపింది. కాదనవలసిన వారిలో ఒక భాగం ముందే అవునన్నది: డెల్టాలో పాత బలం గల భారత కమ్యూనిస్టు పార్టీ ఎమర్జెన్సీని సమర్థించి, ప్రతిపక్షాన్నే ఫాసిస్టులన్నది. అదే మాటను ప్రతిపక్షం ప్రభుత్వం మీద ప్రయోగించింది. ఇరువురూ తిట్టుగా వాడడంతో ఆ మాటకు అర్థం పలచబడింది. తెలుగులో ‘నియంత’, ‘నియంత్రణ’ ఒకే ధాతువు నుండి వచ్చినవే. మొదటిదానికి జంకేవారు కూడా రెండవదాన్ని సంక్షేమ పథకం పేరుగా నిత్యం పలికారు.

అయితే రాష్ట్రమంతా సమ్మతించిందనడమూ పొరపాటే. కాంగ్రెసుకు పడినవి సుమారు 57 శాతం ఓట్లు. దాదాపు మూడోవంతు జనతా పక్షానికి పడ్డాయి. 41 అన్న అంకె ఆ మూడోవంతును కనపడనివ్వదు. జైళ్ల లెక్క మాత్రమే చెప్పే చరిత్ర సమర్థకులను దాచినట్లే, స్థానాల లెక్క మాత్రమే చెప్పే చరిత్ర వ్యతిరేకులను దాచుతుంది.

ఉత్తరాదివారు చైతన్యవంతులని, దక్షిణాదివారు అమాయకులని తేల్చివేయడం తేలిక. కాని తుర్క్‌మాన్ గేట్ వద్ద బుల్‌డోజర్ కూల్చినది ఢిల్లీవారి ఇళ్లను. డెల్టాలో పట్టా అందుకున్నవాడు ఆ ఇళ్లను చూడలేదు, సెన్సారు చూడనివ్వలేదు. అప్పటి పట్టా ఎవరి చేతికి అందిందో, అప్పటి వార్త ఎవరి చెవికి అందలేదో ఊరూరా విచారించి రాసిన నాడే ఆ రెండవ సగం చరిత్రకు ఎక్కుతుంది.